రెండొందల పదిహేడో నంబరు బిళ్ళ

యేసుదానం పెన్సిలు రబ్బరు పట్టుకుని కంప్యూటరు కార్డు అంచున ఉన్న బంగారు రంగు పళ్ళను తుడుస్తున్నాడు. ఒక చివర మొదలుపెడితే రెండో చివరదాకా ఒకటే ఊపు. వెనక్కి రుద్దకూడదు. వెనక్కి రుద్దితే తీసిన మురికి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. ఇది ఏ కంప్యూటరు బడిలోనో చెప్పిన ముచ్చట కాదు. ఆయన ఏడో తరగతి దాటి ఏ బడి గడపా తొక్కలేదు. బొగ్గుబాయి మీద దీపాల గదిలో, టోపీ దీపాల మొనలు తుడిచి తుడిచి ముప్పై రెండేళ్ళుగా చేతికి పట్టిన అలవాటు. ఇరవై రోజుల్లో ఈ కార్డును తుడవడం ఇది పదిహేనోసారి.

మంచం మీది నుంచి పోశం ఆ చేతుల్నే చూస్తున్నాడు.

"బావా, గట్ల రుద్దితె దాని పండ్లు అరుగుతయి. ఇగ అది గూడ నా లెక్క బోసినోరైతది," అన్నాడు.

యేసుదానం నవ్వలేదు. పని మీద ఉన్నప్పుడు ఆయనకు నవ్వు రాదు. సాయంత్రం ఇంటికి పోయి, చేతులు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్నాక అప్పుడు వస్తుంది. మధ్యాహ్నం విన్న మాటకు రాత్రి అన్నం పళ్ళెం ముందు నవ్వే మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది సుసన్నా.

యాభై ఏడేళ్ళ మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కిటికీలోంచి చేతులు చాపి దీపాలు అందించీ అందించీ ఒళ్ళు ఆ కిటికీ కొలతకే కుదురుకుంది. అంగీ మీద పొట్ట దగ్గర సన్నసన్న బొక్కలు. బ్యాటరీలలోని యాసిడ్ చుక్కలు పడి పడ్డ బొక్కలు. ఉన్న ఆరు అంగీలకూ అక్కడే ఉంటాయి. చర్చికి వేసుకునే తెల్ల అంగీని మాత్రం సుసన్నా పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. ఆదివారం పొద్దున తీసి ఇస్తుంది, మధ్యాహ్నానికి మళ్ళీ గుంజుకుంటుంది. కళ్ళద్దాల కాడ విరిగితే రాగి తీగతో చుట్టుకున్నాడు. ఆ చుట్టు ఎంత నేర్పుగా ఉంటుందంటే, కొత్తవి కొనుక్కోమని ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

గోదావరిఖనిలో బొగ్గు కొట్టినవాడికి పేరుంది. బొగ్గు మీద పడి చచ్చినవాడికి సంతాప సభ ఉంది. కింద అడుగు పెట్టకుండానే బాయి గురించి ఉపన్యాసాలు చెప్పేవాడికి దండ కూడా ఉంది. దీపం ఇచ్చినవాడికి ఏముంది? కిటికీ ఉంది. మూడు షిఫ్టుల మనుషులు ఆ కిటికీ ముందు వరస కడతారు, తమ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ లోపలికి ఇస్తారు, దీపం తీసుకుంటారు, పోతారు. తిరిగి వచ్చి దీపం ఇస్తారు, బిళ్ళ తీసుకుంటారు. లోపల ఉన్నది యేసుదానమా ఇంకొకడా అని తలెత్తి చూసినవాళ్ళు తక్కువ. ఆ తక్కువ వాళ్ళలో పోశం ఒకడు. పాతికేళ్ళ కింద ఒకరోజు దీపం అందుకుంటూ, "ఏ ఊరు బావా మనది?" అని అడిగాడు. బెల్లంపల్లి అని చెప్పాడు యేసుదానం. "నా పెండ్లాం గూడ గదే ఊరు," అన్నాడు పోశం. అంతే, ఆ ఆదివారానికి సారవ్వ ఆయనను అన్నా అని పిలిచింది. ఒకరిది చర్చి, ఒకరిది పోశమ్మ గుడి. వరస మాత్రం గట్టిగా కుదిరింది.

యేసుదానం కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. పళ్ళు మెరుస్తున్నాయి. సీపీయూ డబ్బా పక్కరేకు ముందే తీసి గోడకు ఆనించి ఉంది. కార్డును సందులో పెట్టి, రెండు బొటనవేళ్ళతో సమంగా అదిమాడు. 'టప్' అని కూర్చుంది. కడుపు నిండే చప్పుడు. ఇరవై రోజుల్లో పద్నాలుగుసార్లు ఆ చప్పుడు ఆయనను నమ్మించి మోసం చేసింది.

ఇదంతా చేపల కోసం.

పోశం కూతురు జమున చౌరస్తా దగ్గర డీటీపీ షాపులో టైపు చేస్తుంది. ఇంటికాడ కూడా ప్రశ్నాపత్రాలు, పెండ్లి పత్రికలు కొట్టుకోవచ్చని పాత కంప్యూటరు ఒకటి తెచ్చింది. నడుము కింద చచ్చుబడి పదహారేళ్ళుగా మంచంలో ఉన్న తండ్రి కాళ్ళ దిక్కు దాన్ని పెట్టింది, ఆ ఇంట్లో ఇంకో చోటు లేదు కనుక. ఎవరో స్నేహితురాలు ఇచ్చిన సీడీలో చేపలున్నాయి. తెర నిండా నీళ్ళు, నీళ్ళలో చేపలు, పసుపువి, చారలవి, ఈకల్లాంటి రెక్కలవి. బాయికి పోయే రోజుల్లో పోశం ప్రతి ఆదివారం గాలం తీసుకుని గోదారి ఒడ్డున కూర్చునేవాడు. కాబట్టి నాన్న సంబరపడతాడనుకుంది. పాత కంప్యూటరులో ఆ చేపలు నాలుగడుగులు వేసి ఆగుతున్నాయి, మళ్ళీ ఎగిరి దుముకుతున్నాయి. పోశం కాసేపు చూసి, "గిది చాపనా, కుంటి మేకనా?" అన్నాడు.

అప్పుడు యేసుదానం చెప్పాడు, బొమ్మల కార్డు వేరే వేస్తే నడుస్తాయని. ఇస్త్రీ పెట్టె దగ్గర నుంచి టేపురికార్డరు దాకా కాలనీలో కరెంటుతో నడిచే ఏది చెడినా ఆయన దగ్గరికే వస్తుంది. కంప్యూటర్లు వచ్చాక అవీ వచ్చాయి. చౌరస్తాలో లింగమూర్తి దుకాణంలో పాత కార్డు ఒకటి దొరికింది. లింగమూర్తే వచ్చి బిగించి పోయాడు.

మొదటిరోజు తెర మీద ఏమీ రాలేదు. చూస్తే తెర తీగను అలవాటు కొద్దీ పాత బొక్కలోనే గుచ్చారు. తీసి కొత్త కార్డు బొక్కలో పెట్టాడు యేసుదానం. ఇంకోసారి ఎవరూ పొరబడకుండా పాత బొక్క మీద గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు అంటించాడు. బొమ్మ వచ్చింది గాని అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. కార్డుతో వచ్చిన సీడీ వేసి, ఆపి, మళ్ళీ ఆన్ చేస్తే సర్దుకుంది. చేపలు కదిలాయి. ఏం కదలడం! తోక కొన నుంచి ఒళ్ళంతా అల లాగా. పోశం నోరు తెరుచుకుని చూశాడు. సారవ్వ మాత్రం బీడీల చేట ఒళ్ళో పెట్టుకుని, వండుకోను పనికిరాని చేపలు చూసి ఏం లాభమని అటు తిరిగి కూర్చుంది.

మరునాడు మధ్యాహ్నం తెర ఆరిపోయింది. లోపల పంకా తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా. ఆపి ఆన్ చేస్తే డబ్బా ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు కూసింది. బాయిలో గంట కొట్టే లెక్క ఉన్నట్టే దీనికీ ఉంది. ఆ కూతకు అర్థం బొమ్మల కార్డు దొరకడం లేదని. డ్యూటీ దిగి వచ్చిన యేసుదానం కార్డు తీసి, తుడిచి, అదిమాడు. వెలిగింది. మరునాడు మళ్ళీ ఆరింది.

దీపాల గదిలో ప్రతి దీపానికీ ఒక పేజీ ఉంటుంది. ఏ దీపం ఏ పూట ఏ రోగంతో వచ్చిందో రాసి తీరాలి. యేసుదానం ఈ కంప్యూటరుకూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టాడు. అందులో ఆయన గుండ్రటి అక్షరాలతో ఉంది: మూడు పది. మూడు ఐదు. మూడుంపావు. మూడు పది. ఆదివారం లేదు.

ఆదివారం ఎందుకు లేదో ఎవరికీ అంతుపట్టలేదు. రెండో ఆదివారం కూడా చేపలు పొద్దుగూకేదాకా ఈదినప్పుడు పోశం అన్నాడు, "బావా, మీ ఏసయ్య దాన్ల గిట్ల జొచ్చిండా ఏంది? ఆదివారం మంచిగ బుద్ధిగుంటది."

యేసుదానం అది కూడా ఆలోచించాడు. తర్వాత ఇంకోటి తట్టింది. మూడింటికి షిఫ్టు దిగుతుంది. వేలమంది ఇళ్ళకు చేరి కూలర్లూ హీటర్లూ మోటార్లూ ఒక్కసారే వేస్తారు. ఆదివారం ఆ తొక్కిడి ఉండదు. కరెంటు పుట్టేదే ఇక్కడ, అయినా ఆ పూట ఈ బస్తీకి వచ్చేసరికి నీళ్ళు కలిపిన పాలలాగా పలచబడుతుంది. తన ఇంటి టీవీ కింద ఉన్న స్టెబిలైజరు పీకి తెచ్చి పెట్టాడు. సుసన్నా రెండు రోజులు మాట్లాడలేదు. తెర మాత్రం మూడు పదికి ఆరింది.

తెర ఆరడం ఒక లెక్క కాదు. సాయంత్రానికి ఎలాగూ బాగుచేస్తున్నాడు. నెల రోజుల కింద దవాఖాన వాళ్ళు పోశాన్ని ఇంటికి తీసుకుపొమ్మని చెప్పారు. మూత్రపిండాలు చేతులెత్తేశాయి, ఇంక సూదులు గుచ్చి ఏం చేస్తారు. ఇవాళో రేపో అన్న మనిషి ఆ చేపల మీదనే చూపు పెట్టుకుని ఉన్నాడు. ఆ చివరి గడియ మధ్యాహ్నం మూడింటికి వస్తే? కళ్ళ ముందు నల్లటి తెర ఉంటుంది. పోశం మళ్ళీ చీకట్లోనే పోతాడు. ఆ ఒక్క మాట యేసుదానానికి ఇరవై రోజులుగా నిద్ర లేకుండా చేస్తోంది. అందుకే ఈ గురువారం సెలవు పెట్టాడు. పెండ్లికీ చావుకూ తప్ప సెలవు పెట్టని మనిషి, కారణం రాసే చోట 'సొంత పని' అని రాశాడు. అయినా నాలుగున్నరకే మెలకువ వచ్చింది. ఆరింటికి కాళ్ళు ఆయనను దీపాల గదికే తీసుకుపోయాయి. తోటి పనివాడు సదయ్య చూసి, "సెలవు వెట్టినోనివి గిక్కడేం పనే? పో," అని తరిమితే అప్పుడు ఇటు వచ్చాడు.

మళ్ళీ చీకట్లో అన్న మాట ఉత్తగా రాలేదు.

పదహారేళ్ళ కింద ఒక పొద్దటి షిఫ్టు. పోశంది రెండొందల పదిహేడో నంబరు దీపం. అది ముందురోజు షిఫ్టు నుంచి ఆలస్యంగా, అర్ధరాత్రి దాటాక వచ్చింది. ఛార్జింగు ఎక్కి గట్టిగా నాలుగు గంటలు కాలేదు. వేరే దీపం లేదు. వరస వెనక నుంచి తోస్తోంది. "ఇయ్యి బావా, జల్ది," అన్నాడు పోశం కిటికీలోంచి చెయ్యి పెట్టి. యేసుదానం ఇచ్చాడు. సగం నిండిన దీపమని తెలుసు. తెలిసే ఇచ్చాడు. పదకొండింటికి కింద పైకప్పు కూలింది.

బిళ్ళ బోర్డు మీద ఉన్నంతసేపూ మనిషి కింద ఉన్నట్టే. షిఫ్టు దిగింది. ఒక్కొక్కరే వచ్చి బిళ్ళలు తీసుకుపోయారు. బోర్డు మీద చివరికి ఒక్కటే మిగిలింది. యేసుదానం ఇంటికి పోలేదు. బోర్డు ముందు నిలబడి ఆ ఒక్క బిళ్ళనే చూస్తూ, దీపం ఈపాటికి ఎర్రబడి ఉంటుంది, ఈపాటికి ఆరి ఉంటుంది అని లెక్క వేసుకుంటూ ఉన్నాడు. రాత్రి పదింటికి తీశారు పోశాన్ని. పదకొండు గంటలు. ప్రాణముంది, నడుము లేదు. దీపం అద్దం పగిలి, ఆరిపోయి ఉందని రాసుకున్నారు. ఎంత ఛార్జింగు పెట్టారని ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పే ధైర్యం యేసుదానానికి రాలేదు. పోశాన్ని పనికి పనికిరాడని తీసేశాక ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వాలి. యేసుదానం ఆ బిళ్ళ పోయిందని రాసి, కొత్తది కొట్టించాడు. పాతది ఆయన అంగీ జేబులో చేరింది. అంగీలు మారాయి, బిళ్ళ మారలేదు. బాయి సొమ్ము చుక్క నూనె ఇంటికి తేని మనిషి చేసిన ఒకే ఒక్క దొంగతనం అది.

పన్నెండింటికి సారవ్వ అన్నం పెట్టింది. యేసుదానం తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా తిన్నాడు. పోశం రెండు చెంచాల గంజి తాగి, కళ్ళు మూసుకుని, మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి, చారల చేప ఉందా పోయిందా అని అడుగుతున్నాడు. ఉందని చెబుతున్నాడు యేసుదానం. రెండయింది. రెండున్నర అయింది. డబ్బా పక్కరేకు తెరిచే ఉంచి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. వోల్టు చూసే చిన్న మీటరు ఒక చేతిలో, టార్చిలైటు ఇంకో చేతిలో.

మూడింటికి సైరను కూసింది. మీటరు ముల్లు కదలలేదు. వోల్టు నిండుగా ఉంది. అయితే కరెంటు కాదు. చేపలు ఈదుతున్నాయి. మూడూ ఐదు. పక్కన పెట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి ఆగాడు.

గ్లాసులో నీళ్ళు వణికాయి. నడుమ చిన్న గుండ్రం పుట్టి అంచుకు పోయింది. పైన రేకులు గలగలమన్నాయి, సన్నటి మట్టి రాలింది. గోడకున్న క్యాలెండరు అటోసారి ఇటోసారి ఊగింది. టార్చి వెలుగులో, సందులో కూర్చున్న కార్డు, వెనక భాగం బరువుకు, బియ్యపు గింజలో సగమంత కిందికి జారడం ఆయన కళ్ళారా చూశాడు. చేపలు పోయాయి. తెర నల్లబడింది.

"సారవ్వా, ఇప్పుడేమన్న చప్పుడైందా?" అని అడిగాడు.

సారవ్వ బీడీ చుట్టడం ఆపకుండానే చెప్పింది, "ఏం చప్పుడన్నా? ఏం గాలె."

ఆమె అబద్ధం చెప్పలేదు. బస్తీకి అర్ధమైలు దూరంలో, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని ఉంది. రోజూ మూడింటికి అటూ ఇటుగా అక్కడ మందు పెట్టి బ్లాస్టింగు చేస్తారు. మొదటి ఏడాది గోడలు పగిలాయని అందరూ ఊరేగింపు తీశారు. రెండో ఏడాది పగుళ్ళకు మట్టి మెత్తారు. మూడో ఏడాది నుంచి ఎవరికీ వినబడడం మానేసింది. అటు పేలుతుంది, ఇటు పిల్లవాడికి పాలిచ్చే తల్లి పాలిస్తూనే ఉంటుంది. యేసుదానం ఆ వేళకు కిటికీ దగ్గర బిళ్ళలు తిరిగి ఇస్తుంటాడు. వినడానికి ఆయనకూ తీరిక లేదు. ఆదివారం పేల్చరు. నోటుబుక్కులో ఇరవై రోజులుగా తన చేత్తోనే రాసుకుంటూ వచ్చాడు, చదవలేకపోయాడు.

టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. కార్డు వెనక ఇనుప రేకుకు పైన ఒక చెవి ఉంటుంది, డబ్బాకు ఆనించి మర బిగించడానికి. ఈ పాత కార్డుకు ఆ చెవి సగం విరిగి ఉంది. ఆ సంగతి మొదటిరోజే చూశాడు. సందే పట్టుకుంటది, మర లేకున్నా నడుస్తదని లింగమూర్తి అంటే సరేననుకున్నాడు. భూమి కదలని ఊళ్ళో అయితే ఆ మాట నిజమే.

డబ్బా పక్కరేకుకు రెండు మరలున్నాయి. ఒకటి చాలు, రెండోది దీనికి వాడవచ్చు. కాని విరిగిన చెవి మీద మర తల నిలవదు. పైన ఏదైనా బిళ్ళ వేసి అదమాలి, నడుమ బొక్క ఉన్న గట్టి రేకు బిళ్ళ. సారవ్వను అడిగితే సీసా మూత తెచ్చింది. అది మెత్తన. ఇంకోటి తెచ్చింది, అది మందం.  యేసుదానం చెయ్యి అంగీ జేబులోకి పోయింది.

బిళ్ళ సరిగ్గా కుదిరింది. కొక్కేనికి తగిలించే బొక్కలోంచి మర దిగింది. అంచు విరిగిన చెవిని గట్టిగా అదిమి పట్టింది. స్క్రూడ్రైవరు చివరి చుట్టు తిప్పుతుంటే కిటికీలోంచి వచ్చిన ఎండ ఇత్తడి మీద పడి గోడ మీద మెరిసింది.

"గదేంది బావా, మెరుస్తున్నది?" అన్నాడు పోశం.

"ఏం లేదు. బిళ్ళ."

"ఏం బిళ్ళ?"

యేసుదానం చెప్పకుండా ఉండగలిగేవాడే. పదహారేళ్ళు ఉన్నాడు కదా. కాని చేతిలో పని అయిపోయింది, చేతులు ఖాళీ అయ్యాయి. మరి ఏమైందో, డబ్బాను కొంచెం మంచం దిక్కు తిప్పి, నంబరు కనబడేలా టార్చి వేశాడు.

పోశం ఒక్కో అంకె చదివాడు. "నాదేనా?" అన్నాడు. "నీ దగ్గరెందుకున్నదే?"

"ఆ దినం నీ దీపం సగమే నిండింది," అన్నాడు యేసుదానం డబ్బా దిక్కే చూస్తూ. "నాకెరుకే. ఎరుకుండే ఇచ్చిన. గదే గనక నిండుగుంటె నువ్వు పదకొండు గంటలు చీకట్ల ఉండకపోదువు బావా."

గుమ్మం అవతల సారవ్వ చేట కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఆమె రాలేదు.

"దీపం ఆరిపోలేదు," అన్నాడు పోశం. "నేనే బందువెట్టిన."

యేసుదానం తల తిప్పాడు.

"ఎలుగుల నా కాళ్ళు కనబడుతుండె. బండ కింద ఎట్లున్నయో నీకు చెప్పొద్దు. చూడబుద్ధి గాలె. చెయ్యి ఒక్కటి ఆడుతుండె, గా చేతితోటి బందువెట్టిన. అద్దం పలిగింది నన్ను గుంజంగ." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "చీకటైనంక మంచిగనిపించింది. గోదారి కనబడ్డది. గాలం ఏసుకోని ఒడ్డు మీద కూసున్న. నువ్వు నమ్మవు గని, పదకొండు గంటలు గదే పని."

"ఎన్ని వడ్డయి?" అని అడిగాడు యేసుదానం. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

"ఒక్కటి వడితె ఒట్టు."

అప్పుడు యేసుదానం నవ్వాడు. ఇంటికి పోకుండా, చేతులు కడుక్కోకుండా, పని చోటనే నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళద్దాలు మసకబారాయి. తీసి, యాసిడ్ బొక్కల అంగీతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మరి పదారేండ్ల సంది చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?" అన్నాడు పోశం.

కంప్యూటరు ఆన్ చేస్తే ఒక్క పొట్టి కూతే కూసింది. అంతా బాగుందని అర్థం. చేపలు వచ్చాయి. చారలది ముందు వచ్చింది. యేసుదానం బిళ్ళ సంగతి ఎత్తాడు: రేపు అటువంటిదే వేరే రేకు చేయించి తెస్తానని, దీన్ని తీసి ఇస్తానని, పోశం వస్తువు పోశం దగ్గరే ఉండాలని.

పోశం చేపల మీది నుంచి చూపు మరల్చలేదు. "ఇప్పుడేం తొందర? నేను పైకొచ్చినంక ఇద్దువుగని," అన్నాడు.

మరునాడు శుక్రవారం. యేసుదానం కిటికీ దగ్గర నిలబడి దీపాలు తీసుకుంటూ బిళ్ళలు ఇస్తున్నాడు. మూడు పన్నెండుకు ఆయన చెయ్యి గాలిలో ఆగింది. పాదాల కింది నుంచి ఒక గుద్దు వచ్చి, మోకాళ్ళ దాకా పాకి, పోయింది. బోర్డు మీద మిగిలిన బిళ్ళలు సన్నగా గలగలమన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాడు. వరసలో ఉన్నవాడు ఏమైంది కాకా, బిళ్ళ ఇయ్యవేంది అంటే, ఏం లేదని ఇచ్చాడు.

సైకిలు ఆనించి లోపలికి వస్తుంటే అరుగు మీద బీడీలు చుడుతున్న సారవ్వ తలెత్తింది. "అన్నా, ఇయ్యాల చాపలు పోలేదు," అంది. పోశం పొద్దంతా చూసి చూసి ఇప్పుడే నిద్రపోయాడని కూడా చెప్పింది.

చేపలు ఈదుతున్నాయి. పోశం తల వాటి దిక్కే వాలి ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. యేసుదానం స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. "బావా, నిలవడ్డది," అని మెల్లగా చెప్పాడు. పసుపు చేప ఒకటి తెర ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, తిరిగి వచ్చింది. ఆయన పోశం చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

వెంటనే లేవలేదు. జేబులోంచి నోటుబుక్కు తీసి, పెన్సిలు నాలుకకు అద్దుకుని రాశాడు: శుక్రవారం. మూడు పన్నెండు. పేలింది. దీపం ఉంది. అది రాశాక బయటికి పోయి, సారవ్వ పక్కన అరుగు మీద కూర్చుని, చేట ఆమె ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, చెప్పాడు.

జమునకు కబురు పోయింది. బస్తీ అంతా వచ్చింది. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, డప్పులకు పోయేవాళ్ళు పోయారు. ఆ సందట్లో కంప్యూటరు ఆపాలని ఎవరికీ తోచలేదు. రాత్రి అలాగే గడిచింది. సుసన్నా సారవ్వ భుజం వదలకుండా కూర్చుంది. పొద్దున పాడె కట్టారు. లేపబోయే ముందు యేసుదానం స్క్రూడ్రైవరు పట్టుకుని డబ్బా వెనక్కి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బాయి లెక్క బాయి లెక్కే. మనిషి పైకి వచ్చాడు. ఆయన బిళ్ళ ఆయన చేతిలో పెట్టి పంపాలి.

స్క్రూడ్రైవరు మర గాటులో పెట్టాడు. తిప్పబోతూ తలెత్తి చూశాడు.

సారవ్వ ఏడుపు అయిపోయింది. పోశం తలాపున కూర్చుని, చెంప చేతిలో పెట్టుకుని, ఇరవై రోజులుగా వీపు తిప్పిన ఆ తెరనే చూస్తోంది. చారల చేప ఇటు వస్తే ఆమె చూపు ఇటు వస్తోంది, అటు పోతే అటు పోతోంది. ఈ మర విప్పితే, ఇంకాసేపటికి, ఈ మధ్యాహ్నం మూడింటికే అవి పోతాయి.

యేసుదానం గాటులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. అంగీ అంచుతో బిళ్ళను ఒక్కసారి తుడిచాడు, ఒక చివర నుంచి రెండో చివరకు, వెనక్కి రాకుండా. లేచి, డబ్బాను మెల్లగా గోడ దిక్కు జరిపి, పాడె మోయడానికి పోయాడు.

డబ్బా వెనక, గోడకు నాలుగు వేళ్ళ ఎడంలో, తెల్ల ప్లాస్టరు అంటించిన పాత బొక్క పక్కన, మర కింద ఇత్తడి బిళ్ళ ఉంది. రెండు, ఒకటి, ఏడు. ఏడో అంకె గాడిలో బొగ్గు మసి ఇంకా పోలేదు.